పసుపు గుర్తు దాటిన వేగం

గ్లైడరుని, అంటే ఇంజను లేని విమానాన్ని, ఒంటరిగా గడ్డి మీద దూదిలా దింపడం గద్దమ్మ సాధించిన మొదటి విజయం. అంతకుముందు రెండుసార్లు ఆమెను పరీక్షలో తప్పించారు. మూడోసారి వంక పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. తర్వాత ఐదు గంటలు ఏకబిగిన ఎగిరింది. ఆ గ్లైడరు క్లబ్బు మైదానంలో ఎగరడం నేర్పిన తొలి ఆడమనిషీ ఆమే. కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతికే ఇంట్లో పుట్టిన పిల్ల! అలాంటి మనిషికి వేగం తెలియదన్నారు క్లబ్బువాళ్ళు.

ఆ క్లబ్బుకో పాడు అలవాటుంది. దిగిన గ్లైడరు షెడ్డు ముందే ఆగాలి. వేగం ఎక్కువై షెడ్డు దాటి దూరంగా ఆగితే తోసుకుంటూ రావాలి, దారిపొడవునా వెక్కిరింతలు పడాలి. అందుకని గాలి ఎలా ఉన్నా, వేగం చూపే ముల్లుని పసుపు గుర్తు దగ్గరే ఉంచి దిగుతారు. ఆ గుర్తు చూపేది గాలి లేని రోజుకి సరిపోయే కనీస వేగం! ఎదురుగాలి ఉంటే ఆ గాలి వేగంలో సగం కలపాలి, విసిరికొడుతుంటే ఇంకాస్త. నేల దగ్గర ఎదురుగాలి సన్నగిల్లుతుంది, దాంతోపాటే వేగమూ పడిపోతుంది. అదనంగా ఏమీ ఉంచుకోకపోతే రాయిలా పడటమే.

ఆ ఆదివారం, ఫిబ్రవరి పదహారున, గాలి క్షణానికోలా ఉంది. ముందు సీట్లో కొత్తగా నేర్చుకుంటున్న నర్సు, వెనక గద్దమ్మ. గద్దమ్మ ముల్లుని గుర్తు దాటించింది. చెట్ల ఎత్తుకు రాగానే గాలి తెగింది. ముల్లు జర్రున జారి, సరిగ్గా పసుపు గుర్తు దగ్గర ఆగింది. గ్లైడరు మెత్తగా దిగి, మైదానం చివర కంచె ముందు నిలిచింది.

"ఆ కాస్త వేగం లేకపోతే ఏమయ్యేవాళ్ళం అక్కా?" నర్సు పట్టీలు విప్పుకుంటూ అడిగింది.

"మీ ఆసుపత్రికే వెళ్ళేవాళ్ళం. కాకపోతే ఈసారి కట్లు నీకు కట్టేవాళ్ళు."

ఇద్దరూ వెళ్ళేసరికి టీగదిలో క్లబ్బు కార్యదర్శి కాచుకుని ఉన్నాడు.

"ఏమ్మా, కంచె దూకి పక్క ఊరికి పోదామనుకున్నావా?"

"గాలి చూశారా సార్?"

"గాలి గురించి నాకు చెప్పకు. గుర్తు దాటావు. నాలుగు వారాలు నేర్పొద్దు. లేదా, తప్పయిందని అందరి ముందూ ఒప్పుకో, రేపే రా."

"ఒప్పుకుంటాను సార్. రేపు ఈ అమ్మాయి ఇలాంటి గాలిలోనే ఒంటరిగా, మీ గుర్తు పట్టుకుని దిగుతుంది. పోయి ఏరుకొస్తారా?"

గదిలోవాళ్ళంతా టీ గ్లాసుల్లోకి తలలు దించుకున్నారు. సగం మంది ఆమె చేతుల్లో రెక్కలొచ్చినవాళ్ళే. కంచెకు గీత పడలేదు, మనిషికి గోరు తగల్లేదు, శిక్ష మాత్రం పడింది.

గద్దమ్మ తప్పు ఒప్పుకోలేదు. టోపీ తీసి సంచిలో వేసుకుంది. నర్సు గుమ్మం దాకా వెంట వచ్చింది.

"నువ్వొచ్చేదాకా నేనూ ఎగరను. ఎప్పుడొస్తావక్కా?"

"మార్చి పదహారున."