అలుగుకి కట్టిన వల

1982 కార్తీకమాసం. విశాఖపట్నంలో ఉక్కు పనులు ఊపందుకుని, ఊరి చుట్టూ కొత్త కాలనీలు లేస్తున్న రోజులు. అలాంటి ఒక ఫ్యాక్టరీ కాలనీలో నేను నీటి విభాగం అసిస్టెంట్ ఇంజనీరుని. పంపులు, పైపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు చూసుకోవడం నా పని. వాటితోపాటు ఎవరికీ పట్టని ఒక చిన్న డ్యామ్ కూడా నా నెత్తిన పడింది.

డ్యామ్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు కొండల మధ్య గెడ్డకి, అంటే వాగుకి, అడ్డంగా పోసిన మట్టికట్ట, అంతే. ఆ చెరువు నీళ్ళు తాగడానికీ కాదు, పంటకీ కాదు. సాయంత్రాలు అధికారుల కుటుంబాలు పడవ షికారు చెయ్యడానికి. పక్కనే బోట్ క్లబ్బు, పూలమొక్కలు, సిమెంటు బెంచీలు. సరదాకి కట్టినదాన్ని చూసి భయపడేవాణ్ణి ఆ కాలనీలో నేనొక్కణ్ణే. స్వతహాగా పిరికివాణ్ణి లెండి. కట్టల పని చూసేవాడికి పిరికితనం ఒక అర్హత అని ఇప్పటికీ నా అభిప్రాయం. ధైర్యవంతులు చూసుకునే కట్టల కిందే జనం చస్తారు.

మట్టికట్ట ప్రాణం అలుగులో ఉంటుంది. మేం స్పిల్‌వే అంటాం. చెరువు నిండాక మిగులు నీరు పోవడానికి కట్ట చివర కాంక్రీటుతో వదిలిన దారి అది. నీటిమట్టానికీ కట్ట నెత్తికీ మధ్య ఉండే ఖాళీని ఫ్రీబోర్డు అంటారు. ఆ ఖాళీ అయిపోయి నీళ్ళు కట్ట మీంచి పొర్లాయంటే ఇంక ఆపడం ఎవరి తరమూ కాదు. బెల్లపు దిమ్మ మీద కుళాయి తిప్పినట్టే.

మా క్లబ్బువాళ్ళు ఏం చేశారంటే, ఎండాకాలంలో పడవలు బురదలో కూరుకుపోతున్నాయని అలుగులో చెక్కలు అడ్డం పెట్టించి నీటిమట్టం పెంచారు. చెరువులో చేపల్ని వేలంలో పాడుకున్న అసిరయ్య, ఆ చెక్కల మీంచి తన చేపలు జారిపోకుండా వెదురు బద్దలతో నైలాన్ వల బిగించాడు. వానలు కూడా అంతంతమాత్రం కావడంతో రెండేళ్ళపాటు అలుగు పారలేదు. కింద గెడ్డ ఎండి చదునైంది. కాలనీ కట్టడానికి పల్లెల నుంచి వచ్చిన కూలీలు ఆ గెడ్డలోనే తాటాకు ఇళ్ళు వేసుకున్నారు. వానలకి ముందు నేను వెళ్ళి, చెక్కలు తీయించండి, వల విప్పించండి అని అడిగేవాణ్ణి. క్లబ్బు సెక్రటరీ ప్రకాశరావుగారు నా పై అధికారికి పై అధికారి. "చూద్దాం" అనేవారు. ఆ మాటకి విలువెంతో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

సముద్రంలో వాయుగుండం పట్టి వాన వదలని ఒక శనివారం మధ్యాహ్నం కట్ట మీదికి వెళ్ళాను. ఫ్రీబోర్డు జానెడు కూడా లేదు. కొండల మీంచి కొట్టుకొచ్చిన జీడిమామిడి ఆకులు, తుమ్మకొమ్మలు వలకి అతుక్కుని అలుగుకి గోడ కట్టేశాయి. నీళ్ళు పోవడానికి సందు లేదు.

గొడుగు అక్కడే పారేసి కట్ట అవతలి పాదం దగ్గరికి దిగాను. ఈ పాదాన్ని టో అంటారు. మట్టికట్టన్నాక కాస్త నీరు ఊరుతుంది, దాన్ని సీపేజ్ అంటాం. ఊరే నీరు తేటగా ఉన్నంతసేపూ భయం లేదు. ఆ రోజు అక్కడ ఎర్రటి బురద నీళ్ళు బుడబుడమని పైకి ఉబుకుతున్నాయి. అంటే నీటితోపాటు కట్టలోని మట్టి కూడా బయటికి వచ్చేస్తోంది. పైపింగ్ అంటారు దీన్ని. కట్ట లోపల నీరు తనకో గొట్టం తొలుచుకుంటుంది. ఆ గొట్టం చెరువుదాకా చేరితే కట్ట లేనట్టే. పుస్తకంలో చదివినప్పుడు ఇంత భయం వెయ్యలేదు.

వెంటనే అలుగు తెరవాలి. కానీ తెరిస్తే నీళ్ళు పోయేది ఎక్కడికి? గెడ్డలోకి. గెడ్డలో ఇళ్ళున్నాయి. తెరవకపోతే కట్ట తెగి అవే ఇళ్ళ మీద పడుతుంది. ముందు మనుషుల్ని పైకి తేవాలి, ఆ తరవాతే వల మీద కత్తి పెట్టాలి. ఈలోగా కట్ట ఆగుతుందా ఆగదా అన్నది ఆ సింహాద్రప్పన్నకే తెలియాలి.

నా దగ్గర పనిచేసే ఖలాసీలు ఇంటింటికీ పరిగెత్తి కేకలేశారు. మూటలు నెత్తిన పెట్టుకుని జనం గట్టెక్కారు. కట్టకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఒక్క ఇల్లు మాత్రం కదల్లేదు. అది అప్పలనరసమ్మది. కూలీలకి టీ, పకోడీ అమ్మే మనిషి. నేనే వెళ్ళాను. భయం వేస్తే నా నోట మా భీమిలి అవతలి ఊరి మాట వచ్చేస్తుంది.

"బేగి లెగండమ్మా! కట్ట తెగిపోతాది!"

"ఏటి బాబూ ఆ మాటలు? నా కోడలు పచ్చి బాలింత. మొన్నే ఆడగుంట పుట్టింది. ఈ వానలోన బయటికి తీత్తే సలి కొట్టీసి ఇద్దరూ పోతారు."

"ఇక్కడుంటే అందరూ పోతారు."

"ఎన్ని వానలు నాను సూడ్నేదు! పోనీ ఎక్కడికెల్లమంటావు? మైలతోటి ఉన్నోల్లని ఏ గుమ్మం రానిత్తాది? సెప్పు!"

లోపల చీకట్లో పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఏ గుమ్మమా అని గట్టువైపు చూశాను. గట్టు మీద దగ్గర్లో ఉన్న పక్కా కప్పు బోట్ క్లబ్బుదొక్కటే. అక్కడ మర్నాడు కార్తీక వనభోజనాలు, అంతకుముందు సత్యనారాయణ వ్రతం. పెద్ద గది కడిగి, ముగ్గులు పెట్టి, పీటలు వేశారు. వెనక వంటవాళ్ళు పొయ్యిలు వెలిగించి పిండివంటలు మొదలుపెట్టారు.

ఒళ్ళంతా బురదతో వెళ్ళి నిలబడ్డాను. ప్రకాశరావుగారు పట్టుపంచెలో అరటిపిలకలు కట్టిస్తున్నారు.

"సార్, కట్ట కింద బురద వస్తోంది. అలుగు తెరవాలి. గెడ్డలోవాళ్ళని ఇక్కడ ఉంచాలి."

"అలుగు తెరిస్తే రేపు పడవలు?"

"రేపటికి కట్ట ఉండాలి కదండీ."

ఆయన ముఖం మారింది. "సరే, వరండాలో కూర్చోమను" అన్నారు.

"ఒక బాలింత ఉంది సార్. వరండా చాలదు. ఈ గది కావాలి."

"పురిటి మైలని వ్రతం గదిలోకి ఎలా తెస్తామయ్యా? రేపు ఇంతమంది వస్తారు. ఏమంటారు?"

చెడ్డమనిషి కాదాయన. భయపడాల్సినదానికి కాక వేరేదానికి భయపడుతున్నారు, అంతే. వాదించే ఓపిక లేక, జీవితంలో మొదటిసారి ఒక పై అధికారి చెయ్యి పట్టుకుని వానలోకి లాక్కుపోయాను. టో దగ్గర వంగి దోసిలితో ఆ నీళ్ళు తీసి చూపించాను. అడుగున ఇసుక, మట్టి.

"ఇది మన కట్టే సార్. లోపల్నించి ఇలా వచ్చేస్తోంది."

ఆయన ఏదో అనబోతుండగా మా కాళ్ళ ముందే కట్ట మట్టి పెళ్ళగా విడిపోయి జారింది. ఆయన పట్టుపంచె ఎగ్గట్టి పరుగందుకున్నారు. పారిపోయారనే అనుకున్నాను. మనిషన్నవాడు పారిపోవాల్సిన చోటే అది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతుల్లో క్లబ్బు వరండాలోని పేము కుర్చీ, భుజం మీద గొంగళి ఉన్నాయి. సూటిగా అప్పలనరసమ్మ గుమ్మంలోకి వెళ్ళారు.

"అమ్మా, పెద్ద గదిలో పడుకోబెడతాం. పొయ్యిలు మండుతున్నాయి, కుంపట్లో నిప్పులు వేసి ఇస్తారు. వెచ్చగా ఉంటుంది."

"మైల బాబూ..."

"తరవాత కడుక్కుంటాం. ముందు రా తల్లీ."

బాలింతని గొంగళి కప్పి కుర్చీలో కూర్చోబెట్టి ఆయన ఒక పక్క, ఖలాసీ ఒక పక్క పట్టుకుని మోశారు. పసిదాన్ని చీరచెంగులో చుట్టుకుని అప్పలనరసమ్మ వెనకాలే నడిచింది. వాళ్ళు గట్టెక్కేదాకా నేను కట్టవైపు చూడలేదు. చూస్తే తెగిపోతుందేమోనని భయం. ఇంజనీరుకి కూడా ఇలాంటి నమ్మకాలుంటాయి.

అలుగు గోడ మీద అసిరయ్య వలకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. "వల కోసీత్తే సేపలన్నీ గెడ్డ పట్టీసి పోతాయి బాబూ. పిల్లలప్పుడేసి పెంచినాను. నానేటయిపోవాల?" అన్నాడు. నేను కిందికి చూపించాను. ఖాళీ ఇళ్ళ పక్కన ఎర్రనీళ్ళు ధారకట్టి పారుతున్నాయి. అతను అటు చూశాడు. "సంటిగుంట ఎక్కీసినాదా పైకి?" అని అడిగాడు. ఎక్కిందన్నాను. మొలలోంచి కత్తి తీసి వల తనే కోశాడు. కోస్తూ ఏడ్చాడు.

చెక్కలన్నీ ఒక్కసారి లాగకూడదు. నీటి విసురుకి కట్ట భుజమే కోసుకుపోతుంది. పై చెక్కని గునపాలతో ఎత్తి, నీళ్ళు కాస్త సర్దుకున్నాక కింద చెక్క తీశాం. గెడ్డ రెండేళ్ళ తరవాత హోరుమంది. అసలు భయం అప్పుడే మొదలైంది. ఇంత చేశాక కూడా కట్ట తెగవచ్చు. ఊటలో చిల్లు పెద్దదవుతోందా, ఆగుతోందా అని దాని పక్కనే కూర్చుని చూడటం తప్ప చెయ్యగలిగింది లేదు. చీకటిపడే వేళకి చెరువు దిగింది, ఊట సన్నబడింది, ఎరుపు విరిగి తేట వచ్చింది.

క్లబ్బు దగ్గరికి వెళ్ళేసరికి అప్పలనరసమ్మ వరండా అంచున నిలబడి గెడ్డకేసి చూస్తోంది. ఆవిడ ఇల్లు లేదు. పొయ్యీ లేదు, బాణలీ లేదు, తాటాకు కూడా మిగల్లేదు.

"కట్ట తెగనేదు కదా బాబూ! అదిగో, అలాగే ఉంది! నువ్వే కదా నీల్లొగ్గీసి నా ఇల్లు తీసీసినావు. నీ సేతులు పడిపోను!"

కళ్ళకి కనబడుతున్నదాన్ని బట్టి ఆవిడ మాట నిజం. కట్ట నిలబడి ఉంది, ఇల్లు లేదు. ప్రకాశరావుగారు ఏదో చెప్పబోతే వద్దని ఆయన భుజం నొక్కాను. మర్నాడు వ్రతం వరండాలో జరిగింది. మైల గురించి గొణిగినవాళ్ళకి ఆయనే సమాధానం చెప్పుకున్నారు. గెడ్డవాళ్ళకి గట్టు మీద జాగా ఇప్పించడానికి కూడా ఆయనే తిరిగారు. అలుగులో మళ్ళీ చెక్క పెట్టలేదు.

ఆ రోజు నాకు నేర్పింది ఇది. మా పనిలో, నువ్వు చేసింది సరైనదే అని చూపించే రుజువు దొరకదు. దొరికిన రోజున చూడటానికి కింద ఎవరూ మిగలరు. అందుకే తిట్లు పడటానికి సిద్ధపడే పని మొదలుపెట్టాలి. అప్పటినుంచి ఏ కట్ట దగ్గరికి వెళ్ళినా, కట్టని తరవాత చూస్తాను. ముందు దాని కింద ఎవరున్నారో చూస్తాను.

కొన్నేళ్ళకి పూర్ణా మార్కెట్లో కూరలు కొంటుంటే వెనకనుంచి ఆ గొంతు వినిపించింది. "ఇదిగోనే, మన ఇల్లు గెడ్డల కలిపీసింది ఈ బాబే!" తిరిగి చూస్తే అప్పలనరసమ్మ. ఆవిడ చెయ్యి పట్టుకుని పరికిణీలో ఒక పిల్ల.

ఆ పిల్ల నన్ను కిందనుంచి పైకి చూసి, "ఎందుకు కలిపీసినావు?" అని అడిగింది.

జవాబు నా ఎదురుగా నిలబడి ఉంది. "తప్పలేదమ్మా" అన్నాను. అప్పలనరసమ్మ ఇంకో నాలుగు తిట్టింది. సంచీ కింద పెట్టి చివరిదాకా విన్నాను.