ఇస్త్రీ బండి దగ్గర నా ఐర్లాండ్ బడ్జెట్

వచ్చే నెల ఉద్యోగానికి ఐర్లాండ్ వెళ్తున్నాను. పది రోజులుగా నాకు అక్కడి ఖర్చుల లెక్కతోనే తెల్లవారుతోంది. అద్దె, కరెంటు, బస్ పాస్, బియ్యం... ప్రతిదాన్నీ యూరోల నుంచి రూపాయల్లోకి మార్చడం, అమ్మో అనుకోవడం, కొట్టేసి మళ్లీ రాయడం.

ఈ సాయంత్రం ఆ లెక్కల కాగితమే కనబడలేదు. నిన్న వెళ్లిన నారాయణగూడ జిరాక్స్ షాపు దాకా పరుగెత్తి వెతికాను, లేదు. చివరికి అశోక్‌నగర్‌లో మా సందు మలుపున ఇస్త్రీ బండి నడిపే యాదమ్మ దగ్గర దొరికింది. ఉదయం ఇచ్చిన చొక్కా జేబులో ఉందట.

"ఏంది సారు, గింత పొడుగున్నది?" అంది. విదేశంలో బతకడానికి అయ్యే ఖర్చులని చెప్పి, గొప్పగా చదివి వినిపించాను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చివరిదాకా విన్నది.

"మరి వాపస్ వచ్చే కిరాయి ఏది?"

"అది ఇప్పుడెందుకు యాదమ్మా?"

"మేం పాలమూరు నుంచి పనికొచ్చినప్పుడు, మొదలు ఊరికి పోయే బస్సు కిరాయి కొంగుకు ముడేసుకున్న సారు. పస్తున్న దినం గూడ అది ముట్టలే."

ఆమె వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆ డబ్బు ఏమైందని అడిగాను.

"ఉన్నది. కిరాయి పెరిగినప్పుడల్లా జర కలుపుతున్న."

ఇంటికొచ్చి జాబితాలో అన్నిటికంటే పైన తిరిగొచ్చే విమానం టికెట్ రాశాను. దాంతో కింది లెక్కలన్నీ తలకిందులయ్యాయి. అప్పటి నుంచి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

ఊళ్లు దాటి వెళ్లినవాళ్లు జర చెప్పండి, మీ ముడి ఇంకా ఉందా, విప్పేశారా?