తీగకు కట్టిన బీరకాయ

లైబ్రరీలో పనిచేసిన ముప్పయ్యేళ్ళలో ఆయన ఒక్క పుస్తకమూ పోగొట్టలేదు. బయటికి ఇవ్వనిదే పోయేదెలా? బీరువాలకు ఎప్పుడూ తాళాలే కనుక పాఠకులు ఆయనకు తాళం గారని పేరు పెట్టారు. రిటైరై పల్లెలోని ఇంటికి చేరాక, ఏమీ తోచక పెరట్లో నాలుగు బీరగింజలు గుచ్చారు. ఐదో రోజున ఒక మొలక మట్టిపెళ్ళను నెత్తిన మోస్తూ లేచింది. అరవయ్యేళ్ళ మనిషి దాని ముందు గొంతుక్కూర్చుని, చేతిలో కాఫీ చల్లారిపోయిన సంగతే మరిచిపోయారు.

ఇక తెల్లారితే పెరడే. పాదులు తవ్వారు, పందిరి వేశారు, పురుగుల్ని ఏరుతూ వాటి వంశాన్నంతా తిట్టారు. కాయలూ కాశాయి. కోయనిస్తేగా!

"ఇంకో రెండ్రోజులు పెరగనీవే," అనేవారు భార్యతో. ఆ రెండ్రోజుల్లో కాయ పీచు కట్టేది. మొదటి ఆరూ ఆవిడకు గిన్నెలు తోముకోవడానికి పనికొచ్చాయి. కూరకు మాత్రం సంచీ పట్టుకుని అంగడికి నడిచేది.

ఆదివారం భోజనానికి ఆయన అక్కగారు వస్తున్నారు. "నీ పెరట్లో కాసిందే పెట్టాలిరా," అని ముందే చెప్పారు. ఏడో కాయ లేతగా, మూరెడు పొడవున వేలాడుతోంది.

"ఇదొక్కటీ కోస్తానండీ. వదిన గారు నోరు తెరిచి అడిగారు."

"అక్క తిని వెళ్ళిపోతుంది. కాయ తిరిగొస్తుందా?"

"పుస్తకాలు తిరిగొచ్చేవే. అవి మాత్రం ఇచ్చారా?"

ఆదివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే ఆవిడ కాయ కోసేసింది. దాని చోట అంగడి బీరకాయను, ఆయన చొక్కా గుండీలు కుట్టే తెల్లదారంతో తీగకు కట్టింది.

భోజనంలో అక్కగారు రెండోసారి కూర వేయించుకున్నారు. తాళం గారు ఒక్క ముద్దకే మొహం చిట్లించారు.

"ఎంతైనా అంగడి సరుకు. మందులు కొట్టి పెంచినవి. జీవం ఉండదక్కా."

"నిజమేనండీ," అంటూ భార్య మంచినీళ్ళు అందించింది.

చేయి కడుక్కుని అక్కగారిని పెరట్లోకి తీసుకెళ్ళారు.

"ఇదీ కాయంటే! ఆ నిగనిగ చూడు. నా చేతులతో పెంచాను."

అక్కగారు ముచ్చటపడి నిమిరారు. కాయ దారంతో సహా చేతిలోకి వచ్చేసింది.

"ఇదేమిట్రా? పారిపోకుండా కట్టేశావా?"

ఆయన దారం చూశారు. తన చొక్కా గుండీ చూశారు. తీగ మీద, కత్తితో నున్నగా తెగిన తొడిమ చూశారు. లోపలికి వచ్చి మళ్ళీ కంచం ముందు కూర్చున్నారు.

"కూర ఇంకా ఉందా?"

"అంగడిదండీ. మందులు కొట్టింది."

"వెయ్యవే బాబూ."

గిన్నె అడుగున మిగిలింది చెంచాడే. ఆయన దాన్ని చాలాసేపు తిన్నారు.