పెద్దమ్మకు పట్టిన తెల్లమచ్చ

సముద్రం అడుగుకు దిగి పగడపు దిబ్బల ఆరోగ్యం చూసి రావడం ఆమె ఉద్యోగం. అందరూ ఆమెను నీళ్ళక్క అంటారు. పెళ్ళైన కొత్తలో అత్తగారు, "అయితే నువ్వు చేపల డాక్టరువా అమ్మాయీ?" అని అడిగింది.

"డాక్టర్ని కాదత్తయ్యా. నాడి చూస్తాను, మందివ్వను."

"మందివ్వని దానికి జీతమెందుకే?" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. చాన్నాళ్ళు ఆ మాట ఇంటిల్లిపాదికీ నవ్వులాట. ఇప్పుడెవరూ దాన్ని ఎత్తడం లేదు.

పగడమంటే మనకు ఉంగరంలో ఎర్రరాయి. నీళ్ళక్కకు అది ఆకలేసే, జబ్బుపడే, పిల్లల్ని కనే ప్రాణి. అడుగున తాడు పరిచి, దాని కిందికి వచ్చిన ప్రతి పగడం పక్కనా రంగుల అట్ట పెట్టి చూస్తుంది. రంగు వెలిసిందా, నాచు ఎక్కిందా, నాచు మేసే చేపలు తిరుగుతున్నాయా అని ఆరా తీస్తుంది. అన్నింటిలోకీ ఆమెకు ముద్దైనది గదంత గుండ్రటి పగడం ఒకటి. మన ముత్తాతలకు ముత్తాతలు పుట్టకముందు నుంచీ పెరుగుతున్నది. దానికి పెద్దమ్మ అని పేరు పెట్టుకుంది. దిగగానే ముందు దాన్ని పలకరించాకే పని.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ముందు ఆరోగ్యంగా ఉన్న దిబ్బను చూడాలి, జబ్బు దిబ్బను ఆఖర్న చూడాలి. ఈత దుస్తుల తడిలోనే జబ్బు అంటుకుని రావచ్చు. అందుకే ఒడ్డుకు రాగానే అన్నింటినీ బ్లీచింగ్ నీళ్ళ తొట్టిలో నానబెడతారు. ఇన్నేళ్ళలో నీళ్ళక్క ఆ వరస తప్పింది లేదు, ఒక్కసారి తప్ప.

ఆ రోజు పడవ నడిపే బాబాయి ఆకాశం చూసి, "గాలి తిరిగేట్టుందమ్మాయ్. ఎండెక్కితే జబ్బు దిబ్బ దగ్గర పడవ నిలవదు. ముందు అది చూసేసి రా" అన్నాడు. ఆ నెల చూడకపోతే జబ్బు ఎంత పాకిందో తెలియదు. సరేనని దిగింది. పైకొచ్చి, పడవలో ఉన్న బకెట్టెడు మంచినీళ్ళతో ఒళ్ళూ దుస్తులూ కడుక్కుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది.

మరుసటి నెల వెళ్ళేసరికి పెద్దమ్మ ఒంటి మీద అరచేయంత తెల్లమచ్చ. అదే జబ్బు.

ఏదీ దాచకుండా ఆఫీసరుతో చెప్పింది. ఆయన తల పట్టుకుని కూర్చుని, "నీ వల్లేనని ఎవరు చెప్పగలరు? నీటి పోటుకు కొట్టుకొచ్చి ఉండొచ్చు" అన్నాడు.

"నా వల్ల కాదని మాత్రం ఎవరు చెప్పగలరు సార్?"

ఆయన మందు ముద్ద తెప్పించాడు. కిటికీ అద్దానికి లప్పం పెట్టినట్టు మచ్చ అంచు చుట్టూ దాన్ని నీళ్ళక్క తానే పూసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. వారం తిరిగేసరికి తెలుపు ఆ గీత దాటింది.

"ఈవేళ పెద్దమ్మకెలా ఉందే?" అని అత్తగారు వంటగదిలోంచి అడిగేది.

"ఇంకాస్త పాకింది."

"కావాలని చేశావా ఏమన్నా? ఊరుకో."

ఎవరైనా నాలుగు తిడితే బాగుండునని ఉండేది నీళ్ళక్కకు. కాపలా ఉన్న కంచే చేను మేసిందని ఒక్కరన్నా అంటే, ఏడ్చి ఊరుకునేది. అందరూ మంచివాళ్ళయి చంపుతున్నారు. ఆమె దిగేది, మచ్చను కొలిచేది, పైకొచ్చేది. అంతకు మించి చెయ్యడానికి ఏమీ లేదు. చివరకు పెద్దమ్మ మొత్తం తెల్లబడి, ఆపైన నాచుపట్టి, దాని బొరియల్లో కాపురమున్న చిన్న చేపలు కూడా వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత దూరపు దిబ్బ చూడాల్సి వచ్చింది. పెద్ద పడవ మరమ్మతులో ఉండటంతో ఏడాది పైగా ఆ వైపు ఎవరూ వెళ్ళలేదు. అందరికీ కొత్త దుస్తులు ఇచ్చారు. తీరా అక్కడికి చేరాక నీళ్ళక్క తన దుస్తులు మడిచి పక్కన పెట్టేసింది.

"నేను దిగను సార్. నన్ను వదిలెయ్యండి."

ఆఫీసరు బలవంతపెట్టలేదు. ఇంకో ఈతగాణ్ణి తోడు తీసుకుని తనే దిగాడు. ఆమె బాబాయి పక్కన కూర్చుని నీటి బుడగలు చూస్తూ ఉంది.

చాలాసేపటికి ఆయన తేలి, ముఖం మీది అద్దం తీశాడు. "ఇక్కడా పట్టేసింది. ఎటు చూసినా తెల్లమచ్చలే."

"హమ్మయ్య" అంది నీళ్ళక్క.

ఎవరూ అడుగుపెట్టని చోటికి వచ్చిందంటే దాన్ని మోసుకొచ్చింది నీళ్ళే. పెద్దమ్మకూ ఆ నీళ్ళే తెచ్చి ఉండాలి. నెలల తరబడి గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఆ వెంటనే, దేనికి సంతోషించిందో ఆమెకు అర్థమైంది. కింద ఒక దిబ్బకు దిబ్బే చచ్చిపోతోంది. బాబాయి ఆమె వైపొకసారి చూసి, తల తిప్పుకుని తాడు చుట్టసాగాడు.

"ఏమన్నావ్?" అన్నాడు ఆఫీసరు, పడవ అంచు పట్టుకుని.

"ఏం లేదు సార్" అని ఆయన్ని పైకి లాగడానికి చెయ్యి అందించింది.