ఫోకస్ బావ

మా బావని ఎవరూ పేరుపెట్టి పిలవరు. అందరికీ ఆయన ఫోకస్ గారు. నేను మరదలిని కాబట్టి ఆ 'గారు' పీకేసి ఫోకస్ బావ అంటాను. మా అక్క "ఏమండీ" అని గొంతు నొప్పిపుట్టేలా పిలిచినా పలకడు గానీ, వీధిలోంచి ఎవరైనా "ఫోకస్ గారూ" అంటే నిద్రలోంచి లేచి మరీ వెళ్తాడు.

ఆ పేరు సినిమాహాల్లో వచ్చింది. బావ అక్కడ గేట్‌కీపరు. టికెట్లు చించడం, టార్చిలైటు వేసి జనాన్ని సీట్ల దగ్గరికి చేర్చడం, ఇంటర్వెల్లో తలుపులు తీయడం ఆయన పని. పైన మిషను నడిపే ఆపరేటరు మంచివాడే గానీ కునుకు మనిషి. రీలు మారినప్పుడల్లా తెరమీద బొమ్మ మసకబారేది. హీరో ఎవరో, విలన్ ఎవరో తేడా తెలిసేది కాదు. హాలంతా "ఫోకస్! ఫోకస్!" అని ఒకటే గోల. అప్పుడు చీకట్లోంచి మా బావ గొంతు లేచేది.

"చేయిస్తా, చేయిస్తా! కూచోండి!"

అలా అంటూనే పై మెట్లెక్కి, ఆపరేటర్ని తట్టి లేపి, బొమ్మ తేటపడేదాకా అక్కడే కాపలా ఉండి దిగివచ్చేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లు హీరోకా, తనకా అన్న అనుమానం మా బావకి ఏనాడూ రాలేదు.

పెళ్లైన కొత్తలో అక్కని రోజూ మూలసీట్లో కూచోబెట్టి సినిమా చూపించేవాడు. పక్కన తోకలా నేను. ఫోకస్ పోతే అందరికంటే గట్టిగా అరిచేది నేనే. అక్క మాత్రం నోరు మెదిపేది కాదు. "నువ్వూ అరవ్వే" అంటే, "ఛీ, అందరిముందూ మొగుడి మీద అరిచినట్టుంటుంది" అనేది. ఇంట్లో ఆ కొరత తీర్చుకునేదనుకోండి, అది వేరే సంగతి.

తర్వాత హాలు మూతపడింది. ఉద్యోగం పోయింది గానీ పేరు మిగిలింది. పేరుతోపాటు కళ్ల గొప్ప కూడా మిగిలింది. తన చూపు గురించి బావ చెప్పుకునేది వింటే గద్దలు తలదించుకోవాలి. నేను బట్టలు కుట్టేదాన్ని. నాకు కళ్లజోడు వచ్చిన రోజు ఆయన నవ్విన నవ్వు నేను ఇంతవరకూ మర్చిపోలేదు. నా చేతిలోంచి సూది లాక్కుని, ఒక్క విసురులో దారం ఎక్కించి, "కళ్లంటే ఇవీ మరదలా, నీవి బొత్తాలు" అన్నాడు.

అలాంటి మనిషి ఈమధ్య సూది చేతికిస్తే "కాలు పట్టేసిందే" అంటున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి కాలెందుకో నాకర్థం కాలేదు. పొద్దున పేపరు తెరిచి, పేపరువాళ్లు సిరా పొదుపు చేస్తున్నారంటాడు. టీవీ పాతబడిపోయిందంటాడు. బల్బులు మునుపటిలా రావడంలేదంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, లోకంలో వస్తువులన్నీ ఒక్కసారిగా చెడిపోయాయి, చెడనివి మా బావ కళ్లొక్కటే. ఒకరోజు స్కూటరు తీసుకెళ్లి ఎదురింటి గేటుకి కొట్టాడు. వెనక అక్క ఉంది. ఇద్దరికీ మోకాళ్లు గీరుకుపోయాయి.

"గేటే కొంచెం ముందుకొచ్చింది" అన్నాడు లేచి దులుపుకుంటూ.

అక్క ఆ రోజే తేల్చి చెప్పేసింది. "కళ్ల డాక్టరుకి చూపించుకునేదాకా మీ బండి ఎక్కను."

"నా కళ్లకేమొచ్చింది? వెళ్తే కంట్లో కత్తి పెడతారు. నేను రాను."

ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఈవిడ పట్టిన దానికి అవి కూడా లేవు. అప్పట్నుంచి బజారుకి వెళ్లాలంటే అక్క బస్సెక్కేది. బావ ఖాళీ సీటుతో స్కూటరు వేసుకుని బస్సు వెనకాలే వచ్చేవాడు. చూసేవాళ్లకి నవ్వులాటగానే ఉండేది. నేనూ నవ్వాను. కానీ ఒకరోజు అక్క నా కుట్టుమిషను పక్కన కూచుని ఉన్నట్టుండి ఏడ్చేసింది.

"కంట్లో పొర ముదిరితే కష్టమంటున్నారే. ఇంకా వాయిదా వేస్తే ఏమైపోతాడో. ఫోకస్ గారికి చూపు లేదని నలుగురూ అంటే ఆ మనిషి బతగ్గలడా చెప్పు? అందుకే చూపించుకోడు. నాక్కూడా చెప్పడు."

నేను మిషను ఆపేసి, కుడుతున్న గుడ్డతోనే అక్క కళ్లు తుడిచాను.

ఇంతలో ఆ పాత హాలు మళ్లీ తెరిచారు. సినిమాకి కాదు. ప్రపంచమంతా పేరున్న చిత్రకారుడెవరో, ఎప్పుడో పోయాడు, ఆయన బొమ్మల్ని ప్రొజెక్టర్లతో గోడలనిండా, నేలమీద కూడా వేసి కదిలిస్తారట. మా అమ్మాయి ఫోన్లో మాకు ముగ్గురికీ టికెట్లు తీసి పంపింది.

"నా హాల్లోకి నేను టికెట్టుతో వెళ్లాలా? ఎంత ఖర్మ!" అన్నాడు బావ. అని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పాత టార్చిలైటు పెట్టుకుని, మాకంటే ముందు స్కూటరు మీద బయల్దేరాడు. మేం బస్సు దిగేసరికి గుమ్మం దగ్గర నిలబడి, టికెట్లు చూస్తున్న అమ్మాయికి పాఠం చెప్తున్నాడు.

"చించవా అమ్మా?"

"ఫోన్లో టికెట్టు కదండీ, చించడానికి ఏముంటుంది?"

"చించకపోతే అది టికెట్టెలా అవుతుంది?"

ఆ అమ్మాయి పాపం నవ్వి లోపలికి పంపించేసింది. లోపల చీకటి. బావకి ఎక్కడలేని హుషారొచ్చింది. "నా వెనకాలే రండి. ఈ హాల్లో నేను కళ్లు మూసుకుని నడుస్తా" అని టార్చి వేశాడు. వెంటనే ఎవరో వచ్చి, లైటు వేయకూడదండీ అన్నారు. ఆర్పేశాడు. ఆర్పేసి కూడా ఠీవిగానే నడిచాడు, "ఇక్కడ మెట్టుంది, కాళ్లు చూసుకోండి" అంటూ మెట్టు దిగాడు.

అక్కడ మెట్టు లేదు. కుర్చీలు, మెట్లు అన్నీ తీసేసి నేలంతా చదును చేసేశారు. లేని మెట్టు దిగిన మా బావ ముందుకు తూలి, కూచోవడానికి వేసిన మెత్తటి బస్తా ఒకదాని మీద బోర్లా పడ్డాడు. ఆ బస్తా మీద అప్పటికే కూచున్న పెద్దమనిషి కెవ్వుమన్నాడు.

"చెప్పకుండా మెట్టు పీకేశారు వెధవలు!" అన్నాడు బావ.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అక్క నవ్వలేదు. మెట్టు తీసేసిన సంగతి మాక్కూడా తెలీదు గానీ, నేల చదునుగా ఉందని మా ఇద్దరికీ కనబడుతూనే ఉంది.

బొమ్మలు మొదలయ్యాయి. నిజం చెప్పొద్దూ, బాగున్నాయి. నాలుగు గోడలా తోట. వంతెన కింద నీళ్లు, నీళ్లమీద తామరాకులు, ఆకుల మధ్య తెల్లటి పూలు. ఒక్కో రేకు లెక్కపెట్టుకోవచ్చు. అవి మెల్లగా గోడ దిగి నేలమీదికి పాకాయి. అక్క చేతులమీదికి, నా కళ్లజోడు మీదికి ఎక్కాయి. ఇన్నాళ్లూ బొమ్మ పడిందంటే తెరమీద పడేది. ఇప్పుడు తిన్నగా మా మీదే పడింది.

బావ మాత్రం పెళ్లిచూపుల్లో నచ్చని సంబంధానికి వచ్చినవాడిలా కూచున్నాడు. "కథేదీ? మనిషన్నవాడు ఒక్కడూ రాడేం?" అన్నాడు. "ఎంతసేపూ నీళ్లేనా?" అన్నాడు. కాసేపటికి వెనక్కి తిరిగి, పూర్వం మిషను గది ఉన్న వైపు చూస్తూ కూచున్నాడు.

అప్పుడు బొమ్మలు మారాయి. వంతెన అదే, నీళ్లు అవే, కానీ అన్నీ కలిసిపోయాయి. ఎరుపూ గోధుమరంగూ అలికేసినట్టుంది. ఆకేదో నీడేదో అంతుబట్టలేదు. పక్కనున్న వాళ్లు కూడా ఏమైంది, ఏమైంది అని గొణుక్కోవడం మొదలుపెట్టారు. నాకు పాత అలవాటు తన్నుకొచ్చింది.

"బావా, ఫోకస్ పోయింది. వెళ్లి ఆపరేటర్ని లేపు."

బావ గోడవైపు తిరిగాడు. కళ్లు చికిలించి అటూ ఇటూ చూశాడు.

"మొదట్నుంచీ ఇలాగే ఉందిగా" అన్నాడు. "ఇప్పుడు కొత్తగా పోయిందేముంది?"

అక్క నావైపు చూసింది. ఏ నోటితో చెప్పించాలని అక్క ఇన్నాళ్లూ పోరిందో, ఆ నోరు తనంతట తానే చెప్పేసింది. చెప్పానని మాత్రం దానికింకా తెలీదు.

తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. గోడల్లోంచి ఒక ఆడగొంతు వినబడింది. ఈ చిత్రాలు ఆయన ముసలితనంలో, కళ్లకి పొరలు కమ్మిన రోజుల్లో వేసినవి అని చెప్పింది. తన తోట ఆయనకి ఇలాగే కనబడేదట. ఆపరేషనంటే భయపడి చాలాకాలం వాయిదా వేశాడట.

మా బావ దొంగకి తేలు కుట్టినట్టు కూచున్నాడు. ఎర్రటి వెలుగు ఆయన మొహం మీద కదులుతోంది. ఒకసారి గోడని చూశాడు. ఒకసారి తన అరచేతులు దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. వాటిమీద ఏ రంగు పడిందో ఆయనకి తెలిసిందో లేదో. నా నాలుక చివర మంచి మాటొకటి వచ్చి నిలబడింది, బొత్తాల బాకీ తీర్చేది. దాన్ని మింగేశాను. మా బావని చూసి నాకు జాలేయడం అదే మొదలు, ఆ జాలి నాకేమీ బాగోలేదు.

బావే మెల్లగా అడిగాడు. "ఇంతకీ చేయించుకున్నాడా ఆయన?"

"చేయించుకున్నాడట" అంది అక్క. ఆ గొంతు ఆ మాట కూడా చెప్పింది, బావే వినిపించుకోలేదు.

"తర్వాత?"

"తర్వాత కూడా బొమ్మలు వేశాడట."

బావ ఊఁ అన్నాడు. ఇక్కడితో ఇది కూడా ముగిసిపోతుంది, ఇంటికెళ్లాక మళ్లీ పేపరుకి సిరా తక్కువవుతుంది అనుకున్నాను.

"ఫోకస్" అంది అక్క.

నేను సరిగ్గా విన్నానా అని తిరిగి చూశాను. అక్క బస్తామీంచి లేచి నిలబడి ఉంది. ఆ ఎరుపంతా ఆవిడ మీద పాకుతోంది.

"ఫోకస్!" అని ఈసారి హాలు దద్దరిల్లేలా అరిచింది.

అందరూ మావైపు తిరిగారు. టికెట్ల అమ్మాయి పరుగున వచ్చింది. "అమ్మా, మిషను బాగానే ఉందండీ. ఆయన వేసిందే అలా..."

"నిన్ను కాదమ్మా" అంది అక్క.

ఆ పిల్లకి ఏం అర్థమైందో గానీ రెండడుగులు వెనక్కి వేసింది. బావ తలెత్తి అక్క గొంతు వచ్చిన వైపు చూస్తున్నాడు. అలవాటుకొద్దీ చెయ్యి జేబులో టార్చి మీదికి పోయింది. అలవాటుకొద్దీ లేవబోయాడు, కానీ ఆ బస్తాలోంచి లేవడం అంత సులువు కాదు. అక్క చెయ్యందించింది. పట్టుకుని లేచాడు.

"చేయి..." అని మొదలుపెట్టాడు. టార్చి మీంచి చెయ్యి తీసేశాడు.

"చేయించుకుంటాలే" అన్నాడు. "కూచో."

అక్క కూచోలేదు. ఆ చెయ్యి వదల్లేదు కూడా. బయటికి వచ్చేటప్పుడు ఆ లేని మెట్టు దగ్గర, "ఏమీ లేదు, నడవండి" అంది.

బయట ఎండ పేలుతోంది. బావ స్కూటరు దగ్గరికి వెళ్లి, జేబులోంచి తాళంచెవి తీసి, అక్క చేతిలో పెట్టాడు. "ఎవరిచేతైనా తెప్పిద్దాం" అని మాత్రం అన్నాడు. ముగ్గురం బస్టాపులో నిలబడ్డాం. దూరంగా ఒక బస్సు మలుపు తిరిగింది.

"మరదలా" అన్నాడు బావ, "అదెన్నో నంబరో చూడవే. నాకు కనబడటంలేదు."

ఆ మాట వినడానికి ఎన్నాళ్లనుంచో కాచుకుని ఉన్నదాన్ని. తీరా వినేసరికి నా కళ్లు కూడా మసకేశాయి. బొత్తాల మీంచి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, నంబరు చెప్పాను.