చెవి ఉన్న యంత్రం

నా ఫోనోగ్రాఫును గ్రామఫోన్ అన్నారు. నోటిమాటగా అని ఊరుకున్నా సర్దుకునేవాణ్ణి, ఇత్తడి రేకు మీద ఆ మాట చెక్కించి, దాని ముందు నిలబెట్టి, పైనుంచి దీపం వేసి మరీ చూపిస్తున్నారు.

బెంజ్ సర్కిల్ దగ్గర పాతవస్తువుల ప్రదర్శనశాల పెడుతున్నామని అడిగితే, నా దగ్గరున్న రెండు యంత్రాల్లో మంచిదాన్ని కిందటి చలికాలంలో నా చేతులతో నేనే ఇచ్చి వచ్చాను. తీరా తెరిచిన రోజున వెళ్ళి చూస్తే ఇదీ వరస. అక్కడి వ్యవహారాలు చూసే మేడం గారు మంచి మనిషే, కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, "గ్రామఫోన్ అంటేనే జనానికి తెలుస్తుందండీ. మీరు చెప్పిన మాట రాస్తే ఫొటోగ్రాఫ్ ఏదీ అని అడుగుతారు" అన్నారు. రెండూ పాలిచ్చేవే కదా అని గేదె మెడలో ఆవు అని పలక కడతామా?

నా ఈడువాళ్ళకి గ్రామఫోన్ తెలియనిది కాదు. దానిది నల్లటి పళ్ళెం. అది చెబుతుంది, మనం వినాలి, అంతవరకే దాని పని. ఫోనోగ్రాఫుది మంచినీళ్ళ గ్లాసంత మైనపు గొట్టం. బూర ముందు నిలబడి మాట్లాడితే ముల్లు ఆ మాటని మైనం మీద గీస్తుంది, ఆ ముల్లు తీసి ఇంకో ముల్లు పెడితే అదే మాటని తిరిగి మనకి అప్పజెబుతుంది. నోరూ చెవీ రెండూ ఉన్నదాన్ని పట్టుకుని ఉత్త వాగుడుకాయను చేశారు.

పదో తరగతి తప్పాక నేను విజయవాడలో చిన్న రేడియో రిపేరు కొట్టు పెట్టుకుని, పాతపుస్తకాల బళ్ళ మీద దొరికిన ఇంగ్లీషు పుస్తకాలని నిఘంటువు పక్కన పెట్టుకుని నమిలి మింగుతుండే రోజుల్లో, ఉయ్యూరులో మా మేనత్త గారింటి అటక మీద ఈ యంత్రం నా కంటబడింది. అత్తయ్య వాళ్ళ మామగారు ఎప్పుడో ఎక్కడినుంచో తెచ్చారట. స్ప్రింగు తెగి, కర్ర పెట్టెకి చెదలు పట్టి ఉంది. బూర మాత్రం ఊరికే కూర్చోలేదు, చెరుకు గానుగ దగ్గర డబ్బాల్లోకి పాకం పోసే గరాటుగా ఉద్యోగం చేస్తోంది. రెండింటినీ గోనెసంచిలో చుట్టి, బందరు రోడ్డు బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఆ బూరని చింతపండుతో, ముగ్గుతో, సబ్బుతో ఎన్నిసార్లు తోమానో, అయినా చాలాకాలం దానికి చీమలు పట్టడం మానలేదు.

అరిగిన పళ్ళచక్రాన్ని ఆటోనగర్లో లేతు మీద కొత్తగా కోయించాను, తెగిన బెల్టుకి చెప్పులు కుట్టే ఆయన దగ్గర మెత్తటి తోలు సంపాదించాను. యంత్రం తిరిగింది. తిరిగితే ఏం లాభం, అటక మీద దొరికిన గొట్టాలన్నీ బూజు తిని తెల్లబడిపోయాయి. సరే, మనమే చేద్దామని కొవ్వొత్తులు కరిగించి పోశాను. అసలే మన ఊరి ఎండలు, పొద్దున పలికిన గొట్టం మధ్యాహ్నానికి మెత్తబడి మూగబోయింది. ఇంకో పుస్తకం తిరగేస్తే అప్పుడు తెలిసింది, అది అసలు మైనమే కాదు, ఒక జాతి సబ్బు. స్టియరిక్ ఆసిడ్, కాస్టిక్ సోడా, కొంచెం అల్యూమినియం వేసి, దొడ్లో కిరసనాయిలు స్టౌ మీద గంటలతరబడి కాచాలి. ఆ కంపుకి పక్కవాళ్ళు కిటికీలు వేసుకునేవారు. మా ఇంటికి వచ్చివున్న అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఒరేయ్, ఈ వంట మాత్రం నీ పెళ్ళానికి నేర్పకురా" అంది. నా పెళ్ళాం, అంటే అప్పటికింకా కొత్తకోడలు, తన గిన్నె ఏమైందో అడగలేక అటూ ఇటూ తిరుగుతోంది.

అచ్చులో పోసిన గొట్టం ఆరుతూ ఆరుతూ బిగుసుకుంటుంది. లోపలి ఇనప కడ్డీని ఒక్క క్షణం ముందు లాగితే కూలుతుంది, ఆలస్యమైతే పగులుతుంది. అట్టు ఎప్పుడు తిరగెయ్యాలో ఏ పుస్తకంలోనూ ఉండదు కదా, ఇదీ అంతే. పగిలినవన్నీ మళ్ళీ గిన్నెలో పడేసి కాస్తూ కాస్తూ ఉంటే, ఎట్టకేలకి ఒకటి బీట లేకుండా ఊడి చేతికొచ్చింది.

అత్తయ్యని తీసుకొచ్చి బూర ముందు నిలబెట్టి, మాట్లాడత్తయ్యా అన్నాను. జీవితంలో ఎవరూ అడక్కుండానే మాట్లాడిన మనిషి, మొదటిసారి తడబడింది.

"ఏం చెప్పనురా? ఎవరున్నార్రా అందులో? నాకేం తెలుసని..." ఇంతలో ఆకాశం మూసుకొచ్చింది. "ఒసేవ్ అమ్మాయ్, వడియాలు తియ్యవే, వానొచ్చేట్టుంది!"

అంతే, ఆవిడ మేడమెట్ల వైపు వెళ్ళిపోయింది. మిగతా గొట్టమంతా గరగర. ఆ తర్వాత ఎంతమంది చేత మాట్లాడించానో. పక్కింటి మాస్టారు ఉపన్యాసం కంఠస్థం చేసుకుని వచ్చారు, మా మామగారు పద్యం పాడతానని గొంతు సవరించుకున్నారు. బూర ముందుకి రాగానే అందరి మొదటి మాటా ఒక్కటే: ఏం చెప్పమంటావ్? మా ఆవిడైతే, "ఏం చెప్పాలో మీరే చెప్పండి" అంది. ఆ మాట మళ్ళీ ఆవిడ నోట నేను వినలేదు.

అత్తయ్య ఇప్పుడు లేదు. విన్నప్పుడల్లా మైనం కాస్త అరుగుతుంది కనక, ఆవిడ తద్దినం నాడు తప్ప ఆ గొట్టాన్ని తియ్యను. ఆవిడ మాట విన్న యంత్రాన్నే ప్రదర్శనశాలకి ఇచ్చాను, నా తర్వాత కూడా ఎవరో ఒకరు దాన్ని పలకరిస్తుంటారని. గ్రామఫోన్ అని రాసి పెడితే ఎవరు పలకరిస్తారు? అదీ నా బాధ.

ఫోన్లు చేశాను, ఉత్తరాలు రాశాను. "చూస్తామండీ" అన్నారు. "కరెంటు బిల్లు మీద మీ ఇంటిపేరు తప్పుపడితే ఇన్నేళ్ళూ నోరెత్తలేదు, దానికింత రాద్ధాంతమా?" అని మా ఆవిడ ఎత్తిపొడిచింది. మర్నాడు కాఫీ ఇస్తూ తనే, "దానికి చెవులున్నాయంటారుగా, ఆ గోలేదో దాంతోనే చెప్పుకోకూడదూ?" అంది.

ఇంట్లో మిగిలిన రెండో యంత్రం ముందు కూర్చుని, ఒక కొత్త గొట్టం మీద నా ఫిర్యాదంతా, గేదె దగ్గర్నుంచి అత్తయ్య వడియాల దాకా, గొంతు చించుకుని చెప్పాను. దానికి జతగా ఖాళీ గొట్టం ఒకటి పెట్టి, జవాబు దీని మీద చెప్పండి, గ్రామఫోనైతే చెప్పలేరు అని చీటీ రాసి, ఏ ముల్లు ఎప్పుడు పెట్టాలో బొమ్మ గీశాను. మా ఆవిడ రెండింటినీ పాత నూలుచీర ముక్కలో చుట్టి స్టీలు డబ్బాలో సర్దింది. ఎండెక్కకముందే ఆటోలో వెళ్ళి అక్కడ ఇచ్చి వచ్చాను.

ఇవాళ అందరి జేబులోనూ వినే యంత్రం ఉంది. దాని ముందు ఏం చెప్పనూ అని తడబడేవాళ్ళు లేరు. చెప్పినదంతా అందులో పడి ఉంటుంది, మళ్ళీ తీసి వినే తీరిక ఎవరికీ లేదు. రెండే రెండు నిమిషాల మైనం ఉన్నప్పుడు మనిషి ఒక్క క్షణం ఆగి, ఏం చెబితే బాగుంటుందా అని ఆలోచించేవాడు. ఆ ఆగడం పోయింది. పోయిందనే అనుకుంటూ ఉండగా నిన్న స్టీలు డబ్బా తిరిగొచ్చింది. గొట్టం ఎక్కించి, ముల్లు దించాను. కాసేపు గరగర, తర్వాత మేడం గారి గొంతు:

"ఏం చెప్పమంటారండీ... ఆఁ, తిరుగుతోందా? నమస్కారమండీ. మీరు కేకలేసిన చోటల్లా ముల్లు గెంతేసిందండీ. మాకు వినబడ్డది నమస్కారం, మీ అత్తయ్యగారి వడియాలు, ఉంటానండీ, అంతే. అయినా సంగతి అర్థమైంది. రేకు మార్పించాం. ఫోనోగ్రాఫ్ అనే రాయించాం. ఇప్పుడు మా వాళ్ళంతా మేమూ మాట్లాడతామని దీని ముందు వరస కట్టారండీ, ఖాళీ గొట్టమేమో ఇదొక్కటే. కాస్త శ్రమ అనుకోకుండా ఇంకో నాలుగు వండి పట్టుకు—"