గోడ మీద చెలమ

పెన్న గట్టున కొత్త గోడ మీద రంగు పెంకుల ముక్కలతో మన ఊరి కథ అతికిస్తున్నారని మనవరాలు చెబితే పోయిన సోమవారం చూడటానికి వెళ్ళాను. గుడీ, మసీదూ, చర్చీ, వరికుప్పలూ, వలలూ అన్నీ కుదురుగా ఉన్నాయి. ఏరు మాత్రం ఆ చివర నుంచి ఈ చివరకు నిండుగా, నీలంగా పారుతోంది. ఏడాదిలో నీళ్ళ నెలలెన్నో, ఇసుక నెలలెన్నో లెక్క తెలిసినదాన్ని, నాకది సరిపడలేదు.

ఎండాకాలం పొద్దున్నే మా అమ్మ వెంట ఏటి ఇసుకలోకి నడిచి, మోకాలి లోతు చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు ముంతతో తోడుకొనేవాళ్ళం. కొన్ని రేవుల్లో ఎవరి చెలమ వారిదే, ఎవరి దూరం వారిదే, అదీ చూశాను. మా రేవులో మాత్రం తవ్వింది ఎవరైనా నీళ్ళు అందరివీ. బిందె నిండిన మనిషి జారిన ఇసుక తీసి, మడ్డి నీళ్ళు చిమ్మేసి, తేట ఊట కనబడ్డాకే బిందె ఎత్తాలి. మా అమ్మ ఆ పని మరీ నిదానంగా చేసేది. వెనక నిలబడ్డ గాజుల సాయిబు గారి భార్య, "మీయమ్మ తేట చేసేలోపల నా పొయ్యి మీద కూర మాడిపోద్ది పాపా" అని నవ్వేది. ఆమె తేట చేసింది చర్చి వీధి టీచరమ్మకు దక్కేది.

గోడ పని చేయిస్తున్న అమ్మాయికి ఇదంతా చెప్పాను.

"ఏరంటే నీళ్ళు గదవ్వా, ఇసక అతికిస్తే ఎవురు చూస్తారు?"

"అది తాగి పెరిగినోళ్ళం చూస్తాం. చెలమ లేకుంటే ఈ గుడోళ్ళూ, మసీదోళ్ళూ, చర్చోళ్ళూ ఒకరికొకరు ఏమవుతారో నీ గోడలో ఏడుండాది?"

శనివారం పెంకుల మధ్య సందులన్నీ సిమెంటుతో పూడ్చేస్తాం, ఆ తర్వాత మార్చలేం అంది. రోజూ కుర్చీ వేయించుకొని అక్కడే కూర్చున్నాను. శుక్రవారం మా అమ్మ ఊరగాయ జాడీ, అంచు విరిగినా ఇన్నాళ్ళూ పారేయనిది, పట్టుకెళ్ళి నా చేత్తోనే పగలగొట్టాను. అమ్మాయి ముక్కలు ఏరి పక్కన పెట్టి, ఉలి తీసుకొని నీలం పెంకులు ఊడదీసింది.

ఇప్పుడు జాడీ గోధుమరంగు ముక్కలు ఇసుక, తెల్లవి ఊట. ఒకామె వంగి తేట చేస్తోంది, ఇద్దరు బిందెలతో నిలబడ్డారు.

ఏట్లో ఈనాడు ఇసుక లారీలు తోడిన గుంతలే తప్ప చెలమ లేదు. ఇంటికి నీళ్ళ డబ్బా వస్తుంది. గ్లాసు నింపుకొని వెనక ఎవరున్నారో చూడనక్కర్లేదు. అయినా గ్లాసు ఎత్తే ముందు నా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.